మనవాడే గాని మన మాట కాదు

సినిమా మీద అభిప్రాయం చెప్పడానికి టిక్కెట్టు కొన్న ప్రతివాడికీ హక్కున్నది. కొనకుండా చూసినవాడికి ఇంకా ఎక్కువ హక్కున్నదని మా ఇంట్లో పిల్లల వాదన. కాబట్టి ఈ వారం ధరవరలూ రాజకీయాలూ పక్కన పెట్టి, నేను చూసిన బొమ్మల్లో కొన్నిటి గురించి నాకు తోచింది రాస్తాను. పౌరాణికాలూ, జానపదాలూ, ఏడుపు బొమ్మలూ, ఎర్రజెండా బొమ్మలూ అన్నీ కలగలిసే వస్తాయి. నేను నల్గొండ జిల్లావాణ్ణి, మా ఆవిడ పుట్టిల్లు పాలమూరు. నా అభిప్రాయాలకు ఆ రెండు జిల్లాల మన్ను కొంత అంటుకుని ఉంటే చదువరులు దులుపుకుని చదువుకోవచ్చు. 2016లో ఆ రెంటినీ విడగొట్టి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, వనపర్తి, నాగర్‌కర్నూల్, జోగులాంబ గద్వాల అని కొత్త జిల్లాలు చేశారు. 2019లో నారాయణపేట కూడా వేరు కాపురం పెట్టింది. నా లెక్కలో మాత్రం ఇంకా రెండే.

ముందు ‘లవకుశ’ సంగతి. 1963లో వచ్చిన బొమ్మ. పూర్తిగా రంగుల్లో తీసిన మొదటి తెలుగు చిత్రం. బళ్ళు కట్టుకుని వెళ్ళి చూశారని అందరూ చెబుతారు. మేము నడిచివెళ్ళి చూశాము, అదీ రెండేళ్ళు ఆలస్యంగా, గుడారం టాకీసులో, నేల టిక్కెట్టు మీద. ఘంటసాల సంగీతం గురించీ, పిల్లలిద్దరి గురించీ కొత్తగా చెప్పడానికేమున్నది! నా మటుకు ఆ బొమ్మలో రాముడి కంటే లక్ష్మణుడే మనసులో నిలిచిపోయాడు. అన్న మాట కాదనలేడు, వదినకు నిజం చెప్పలేడు, రథం తోలుకుంటూ అడవికి పోతాడు. ఆ కాసేపూ కాంతారావు ముఖం చూస్తే చాలు, సంభాషణలు అక్కర్లేదు.

ఆ కాంతారావుది కోదాడ దగ్గర గుడిబండ. ఆ సంగతి ఎవరో చెప్పగా విని మా నాయనమ్మ గుడారంలో పక్కవాళ్ళందరికీ చాటింది, “గా లచ్చుమన్న మన దిక్కు పిలగాడేనంట” అని. కాసేపు చూసి మళ్ళీ నన్ను అడిగింది: “మనోడైతే మన తీరుగ మాట్లాడడేందిరా?”

లక్ష్మణస్వామి త్రేతాయుగపు మనిషి నాయనమ్మా, అప్పుడంతా గ్రాంథికమే అని పక్కనున్న పంతులుగారు సర్దిచెప్పారు. ఆమెకు ఆ జవాబు ఆనలేదు. నిజం చెప్పాలంటే నాకూ ఇవాళ్టికీ ఆనలేదు.

ఆ ఒక్క 1963లోనే కాంతారావు ఏమేమి వేశాడో చూడండి. ‘లవకుశ’లో లక్ష్మణుడు, ‘నర్తనశాల’లో కృష్ణుడు, ‘శ్రీకృష్ణార్జున యుద్ధము’లో నారదుడు, విఠలాచార్యగారి ‘గురువును మించిన శిష్యుడు’లో కత్తి పట్టిన కథానాయకుడు. ఒక్క ఏడాదిలో ఇన్ని అవతారాలు దేవుడు కూడా ఎత్తలేదు. నారదుడుగా ఆయనకు సాటి లేడని నా అభిప్రాయం. తంపులమారిగా కాక, ఇంట్లో అందరి గుట్టూ తెలిసిన చిన్నబాబాయిలాగా ఉంటాడు. కృష్ణుడుగా మాత్రం రామారావు గుర్తొచ్చి మనసు అటు లాగుతుంది. అది కాంతారావు లోపం కాదు, మన కళ్ళకు అలవాటైన రూపం.

విఠలాచార్య జానపదాల గురించి ఇప్పటి పిల్లలు నవ్వుతారు. దయ్యాలు, గుహలు, అస్థిపంజరాలు, అట్టతో చేసినట్టుండే రాక్షసులు! తర్కం వెదికితే ఒక్క సన్నివేశం నిలవదు. కాని ‘జయ విజయ’ గాని, ‘జ్వాలాద్వీప రహస్యం’ గాని వస్తున్నదంటే నేను వార్తలు ఆపేసి అది పెట్టుకుంటాను. కత్తియుద్ధంలో కాంతారావు పాదాలు చూడండి. ఇప్పటి వీరులు తాళ్ళ మీద ఎగురుతారు. ఆయన నేల మీద నిలబడి కొడతాడు. అంత సంపాదించిన మనిషి సొంతంగా ‘సప్తస్వరాలు’ వంటి చిత్రాలు తీసి నష్టపోయాడు. ‘సప్తస్వరాలు’ 1969 నాటిది. తీరిగ్గా చూస్తే చెడ్డ బొమ్మేమీ కాదు. సంగీతం మీద మోజున్న మనిషి తీశాడని తెలుస్తూనే ఉంటుంది. ఆయన 2009లో పోయారు. ఇన్ని బొమ్మల్లోనూ ఒక్కచోటైనా గుడిబండ మాట ఆయన నోట నేను వినలేదు. వినే వీలు ఎవరూ కల్పించలేదు.

ఇక ‘మాయాబజార్’. 1957 నాటి ఈ బొమ్మ గురించి మంచి చెప్పడానికి ఇంక మాటలు మిగల్లేదు. 2010లో దీనికి రంగులు వేసి విడుదల చేశారు. ఆసక్తిగానే చూశాను గాని, ఆ వెన్నెల నలుపు తెలుపుల్లోనే చల్లగా ఉంటుంది. ఈ బొమ్మలో నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరిచేది పింగళి నాగేంద్రరావుగారి కలం. ఘటోత్కచుడి ఆశ్రమంలో రాక్షసులకు ఆయన ఒక భాష తయారుచేసి ఇచ్చారు. తసమదీయులనీ, వీరతాళ్ళనీ ఊరూరా జనం ఆ మాటలు నేర్చుకుని మాట్లాడారు, ఇప్పటికీ మాట్లాడుతున్నారు. రాక్షసులకు కూడా ఒక భాష, ఆ భాషకు ఒక గౌరవం దక్కింది. దేవరకొండవాళ్ళకూ కొల్లాపురంవాళ్ళకూ మాత్రం అప్పటికింకా తెర మీద భాష రాలేదు!

కుటుంబ చిత్రాల్లో ఒకటి చెబుతాను: ‘పండంటి కాపురం’, 1972. దీని కథ మా జిల్లా తుంగతుర్తి మనిషి ప్రభాకర్ రెడ్డిది. వైద్యం చదివి నటుడైన ఆయన మొదట ‘చివరకు మిగిలేది’లో కనిపించాడు. తరువాత ఎన్ని బొమ్మల్లో మనల్ని బెదిరించాడో లెక్క లేదు. కాని కథ రాసేటప్పుడు మాత్రం ఉమ్మడి కాపురం, అన్నదమ్ములు, ఒకరికోసం ఒకరు. ఎస్.వి. రంగారావు కూర్చుంటే ఇంటికి పెద్ద దిక్కు కూర్చున్నట్టే ఉంటుంది. ఉత్తమ తెలుగు చిత్రంగా దానికి జాతీయ బహుమతి వచ్చింది. మలుపులు మరీ ఎక్కువని నా ఫిర్యాదు. ఆడవాళ్ళకు నచ్చుతుందని రాయబోతుంటే మా ఆవిడ భుజం మీదుగా చదివి, “మగవాళ్ళు ఏడిస్తే కన్నీళ్ళు రావా?” అన్నది. సరే, అందరికీ నచ్చుతుంది. హైదరాబాదులో సినిమా కార్మికుల చిత్రపురి కాలనీకి ప్రభాకర్ రెడ్డిగారి పేరే పెట్టారు. అది ఏ బహుమతి కంటే తక్కువ కాదు.

అయితే కథ నల్గొండవాడు రాసినా, కుటుంబం ఏ జిల్లాదో తెలియదు. అప్పట్లో మంచి కుటుంబం అంటే ఫలానా మాటే మాట్లాడాలి. సినిమా వ్యాపారంలో మా ప్రాంతానికి ‘నైజాం’ అని పేరు. నిజాం పోయి డెబ్బై ఏళ్ళు దాటినా పంపిణీదారుల ఖాతాల్లో ఇంకా పోలేదు. నైజాం వసూళ్ళు కావాలి, నైజాం మాట మాత్రం పనివాడికీ, రౌడీకీ, నవ్వించే వేషానికీ సరిపోతుంది అన్నట్టు చాలాకాలం నడిచింది. కోదాడ మనిషే అయిన వేణుమాధవ్ ఎంత నవ్వించాడో అందరికీ తెలుసు. ఆ సమర్థతకు దండం. తెలంగాణ శకుంతల గారి గొంతు వినిపిస్తే హాలు అదిరేది. ఆమె స్వయానా మహారాష్ట్ర వనిత, మన మాట నేర్చుకుని మన పేరునే ఇంటిపేరుగా చేసుకున్నది. వాళ్ళ మీద నాకు ఫిర్యాదు లేదు. గయ్యాళితనానికి తప్ప, అనురాగానికి ఆ మాట పనికిరాదని నిర్ణయించినవాళ్ళ మీదనే ఫిర్యాదు.

ఇది చిన్న సంగతి అనుకునేరు. నేను పట్నంలో చదువుకునేటప్పుడు హాస్టల్లో మా గదిలో నలుగురం. “గట్లనే” అన్నానంటే చాలు, ఒకడు ఏదో ఒక బొమ్మలో దొంగవేషపు మాట అందుకునేవాడు, మిగిలిన ఇద్దరూ నవ్వేవారు. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. ఆ మాటను వాళ్ళు అంతకు ముందు తెరమీదనే విన్నారు, అక్కడ అది నవ్వడానికే ఉన్నది. ఏడాదిలోగా నేను రెండు భాషలవాణ్ణయ్యాను. సెలవుల్లో ఊరికి పోతే మా అమ్మ, “మాట మారింది బిడ్డా, మంచిగుంది” అని మురిసిపోయింది. ఆ మురిపెం నాకు ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంటుంది.

అందుకే ‘మా భూమి’ నాకు ఒక మామూలు బొమ్మ కాదు. 1980లో విడుదలైంది. మొదటిసారి చూసినప్పుడు కథ కంటే ముందు నా చెవులు లేచి కూర్చున్నాయి. పేదరైతు, దొర, గడీ, వెట్టి అన్నీ మా తాతల నోట విన్నవే. 1946 జులైలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన కడవెండి అప్పటికి నల్గొండ జిల్లాలోదే. తమాషా ఏమంటే ఈ కథకు మూలం కృష్ణచందర్ ఉర్దూలో రాసిన నవల; దర్శకుడు గౌతమ్ ఘోష్ వంగదేశీయుడు; కథానాయకుడు సాయిచంద్ ఆంధ్ర రచయిత త్రిపురనేని గోపీచంద్‌గారి కుమారుడు. ఇంతమంది కలిసి మా మాటను మాకు వినిపించారు. నిర్మాత బి. నర్సింగరావు మాత్రం తెలంగాణ మనిషే. బండి యాదగిరి పాటను గద్దర్ పాడుతూ తెరమీదికి వస్తే హాలులో నేలా, బాల్కనీ తేడా లేకుండా జనం లేచారు. సుద్దాల హనుమంతు పాటలో పశువులు కాసే పిల్లవాడి బతుకు విని మా నాయన కండువా ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. బొమ్మలో లోపాలు లేవా? ఉన్నాయి. అక్కడక్కడా పాఠం చెబుతున్నట్టుంటుంది. కాని ప్రేమా, కోపమూ, సిగ్గూ, చావూ అన్నీ మన మాటలో చెప్పవచ్చునని అది రుజువు చేసింది.

ఆ నర్సింగరావే 1988లో తీసిన ‘దాసి’ ఇంకా గట్టి బొమ్మ, ఇంకా చేదు మాత్ర. 1920ల నాటి గడీలో కట్నంతో పాటు వచ్చిన ఒక దాసి కథ. అర్చన మాట్లాడేది తక్కువ. గడపల మీద, మెట్ల మీద, దీపం చాటున ఆమె నిలబడే తీరే కథ చెబుతుంది. దానికి అయిదు జాతీయ బహుమతులు వచ్చాయి. వాటిలో దుస్తులకు వచ్చినది మిర్యాలగూడ మనిషి పిట్టంపల్లి సుదర్శన్‌కు. ఆ తరువాత ఆయన పేరే దాసి సుదర్శన్ అయింది. ఆ చీరలూ, రవికలూ, దొర శాలువా చూస్తే పాత పెట్టె తెరిచినట్టుంటుంది. భోజనాలయ్యాక సరదాగా ఇంటిల్లిపాదీ కూర్చుని చూసే బొమ్మ కాదని ముందే చెబుతున్నాను. పెద్దవాళ్ళు ఒకరోజు తీరిక చేసుకుని చూడాలి. నడక నెమ్మది, ఆ నెమ్మదికి ఓపిక పట్టినవాళ్ళకు అది చాలా ఇస్తుంది.

మా జిల్లా మీద హిందీ బొమ్మ కూడా ఒకటున్నది. శ్యాం బెనెగల్ ‘సుస్మన్’, 1987. పోచంపల్లి నేతగాళ్ళ కథ. 1951లో వినోబా భావేకు మొదటి భూదానం దొరికిన ఊరు అదే. ఓం పురి మగ్గం ముందు కూర్చుంటే నటుడు కనిపించడు, సాలెమనిషే కనిపిస్తాడు. పరుల కోసం జీవితమంతా పట్టు నేసే ఇంట్లో, కూతురి పెళ్ళికి ఒక్క చీర నేసుకోవడం ఎంత కష్టమో చూపించారు. మంచి బొమ్మ. కాని పోచంపల్లి మనుషులు ఇంట్లో పొయ్యి దగ్గర కూడా హిందీలో మాట్లాడుకుంటుంటే, మా నాయనమ్మ ప్రశ్న మళ్ళీ నా చెవిలో మోగింది.

‘ఒసేయ్ రాములమ్మా’ (1997) గురించి ఒక్క మాట: గోల ఎక్కువ, నెత్తురు ఎక్కువ, గంట తగ్గించవచ్చు. అయినా విజయశాంతి కోసం పొలం పని మానుకుని ఆడవాళ్ళు ట్రాక్టర్ల మీద రావడం నేను కళ్ళారా చూశాను. సుకుమారమైన విమర్శ దాని ముందు పనిచెయ్యదు.

పాటల సంగతికొస్తే, హనుమంతుగారి కుమారుడు సుద్దాల అశోక్‌తేజకు ‘ఠాగూర్’ (2003) పాటకు జాతీయ బహుమతి వచ్చింది. తండ్రి పాట ఊళ్ళ వెంట తిరిగింది, కొడుకు పాట ఢిల్లీకి పోయింది. ఆ బొమ్మ మాత్రం నాకు ఒకసారి చూడడానికి సరిపోయింది. 2002లో వచ్చిన ‘కుబుసం’ ఎంతమందికి గుర్తున్నదో గాని, అందులో గోరటి వెంకన్న పల్లె మీద రాసిన పాట తెలియని ఇల్లు లేదు. ఆయనది నాగర్‌కర్నూల్ వైపు తెలకపల్లి దగ్గరి గౌరారం. కులవృత్తులు ఒక్కొక్కటే ఆరిపోవడం ఆ పాటలో ఉన్నంత స్పష్టంగా బొమ్మలో లేదు. పాట బతికి బొమ్మ మరుగున పడడం మన సినిమాల్లో కొత్త కాదు.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైనదానికి వస్తాను: ‘మల్లేశం’, 2019. ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం గారి నిజజీవిత కథ. పోచంపల్లి తరహా చీర నెయ్యాలంటే ముందు ఆసు పొయ్యాలి. కొయ్య చట్రం మీద అర్ధవలయంగా దిగగొట్టిన మేకుల చుట్టూ దారాన్ని చేత్తో అటూ ఇటూ తిప్పాలి. ఒక్క చీరకు తొమ్మిది వేలసార్లు. ఇంటి ఆడవాళ్ళు రోజుకు రెండు చీరలకు పోస్తే పద్దెనిమిది వేలు. తల్లి భుజం నొప్పి చూడలేక, పెద్ద చదువు లేని ఆ కుర్రవాడు ఏళ్ళతరబడి కుస్తీపట్టి 1999లో యంత్రం పూర్తి చేశాడు. దానికి తల్లి పేరే, లక్ష్మీ ఆసు యంత్రమని పెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది.

దర్శకుడు రాజ్ రాచకొండ ఈ కథను ఉపన్యాసం చెయ్యలేదు. ప్రియదర్శి వీరుడిలాగా నడవడు. అప్పులవాడు ఎదురైతే సందు తిరిగే మనిషిలాగా నడుస్తాడు. అతనూ, భార్యగా వేసిన అనన్యా మాట్లాడుకునే మాటలు విన్నాను. పెద్ద మాటలేమీ కావు. కూలీ డబ్బులు, కూర, పిచ్చి మిషను గొడవ. మన మాటలో ఆలుమగలు అంత మెత్తగా మాట్లాడుకోవడం తెర మీద వినడానికి నాకు అరవై ఏళ్ళు దాటాల్సి వచ్చింది.

ఈ బొమ్మను మా ఇంట్లో టీవీలో పెట్టినప్పుడు మా వీధి చివరి పెద్దామెను పిలిచాము. పద్మశాలి. కుడిచెయ్యి భుజం దాటి పైకి లేవదు, జడ కూడా కోడలే వేస్తుంది. ఝాన్సీ తల్లి వేషంలో ఆసు పోస్తుంటే కళ్ళార్పకుండా చూసి, “గింత సక్కగ కూసుంటమా అయ్యా? ఇంకింత వంగాలె” అన్నది. అంటూనే, ఒళ్ళో పెట్టుకున్న ఆ చెయ్యి రెండు వేళ్ళ మీద కొద్దికొద్దిగా అటూ ఇటూ కదలడం మొదలుపెట్టింది. ఆమెకు తెలియదు. బొమ్మ అయిపోయాక ఆ ముక్క మళ్ళీ ఒక్కసారి పెట్టమన్నది. పెట్టాము. ఈసారి ఏమీ అనలేదు.

ఇప్పుడు కాలం తిరిగింది. 2017లో ‘ఫిదా’ కోసం నీలగిరి కొండల నుంచి వచ్చిన సాయిపల్లవి తెలంగాణ మాట నేర్చుకుని తన గొంతుతోనే చెబితే రాష్ట్రమంతా ముచ్చటపడింది. అందులో తండ్రి వేషం ‘మా భూమి’ సాయిచంద్‌దే. ముప్ఫై ఏడేళ్ళకు అదే మనిషి నోట అదే మాట, ఈసారి కోపంతో కాదు, బిడ్డ మీద ముద్దుతో. నాకు ఆ బొమ్మలో అదే చాలు. అదే ఏడాది వచ్చిన ‘అర్జున్ రెడ్డి’ని ఇంట్లో పిల్లలతో చూడలేకపోయాను. అచ్చంపేట మూలాలున్న విజయ్ దేవరకొండ బాగా చేశాడు, కాని ఆ హీరోకు ఎవరైనా పెద్దమనిషి రెండు మంచి మాటలు చెప్పి ఉంటే బొమ్మ గంటలో అయిపోయేది.

అయితే కొత్త బెడద ఒకటి వచ్చింది. పూర్వం మన మాట అంటే రౌడీ. ఇప్పుడు మన మాట అంటే తాగుడు, దావత్, డప్పు, మళ్ళీ తాగుడు. తెలంగాణ అంతా ఒకటే యాస అనుకుని అచ్చు పోస్తున్నారు. హుజూర్‌నగర్, కోదాడ మాట కృష్ణ దాటినవాళ్ళ మాటకు దగ్గర. నారాయణపేట, మక్తల్‌లో కన్నడం కలుస్తుంది. గద్వాల, అలంపురంలో కర్నూలు గాలి తగులుతుంది. నలుగురు కూర్చున్న చోట ఎవరు ఏ ఊరో చెవితో చెప్పే ముసలివాళ్ళు మాకున్నారు. వాళ్ళను ఒక్క రోజు కూర్చోబెట్టి వింటే సంభాషణల రచయితలకు ఖర్చు లేని చదువు.

పాలమూరు కథ నేను చూసిన బొమ్మల్లో ఇంతవరకు లేదు. గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని, ఇంటికి తాళం పెట్టి, ముసలివాళ్ళను వదిలి, దేశంలో ఎక్కడ ఆనకట్ట కడితే అక్కడికి పోయిన మనుషులు వాళ్ళు. పండుగకు వచ్చి, మళ్ళీ బస్సెక్కేటప్పుడు పిల్లను నానమ్మ దగ్గర వదలాలా, వెంట తీసుకుపోవాలా అని గడపలో జరిగే తగువు ఒక్కటి చాలు, మూడు గంటల బొమ్మకు. ఎవరైనా తీస్తే టిక్కెట్టు కొనుక్కునే చూస్తానని మా ఆవిడతో అన్నాను.

“తీస్తే మంచిదే,” అన్నది. “మీరు పత్రికలో రాస్తున్నరు గద, ఒక్క మాట చేర్చండి. మక్తల్ మాట, కొల్లాపూర్ మాట ఒక్కటి గాదని ముందుగాల తెలుసుకొని రమ్మనండి.”

చేర్చాను.